మాల మీద వాదన నెగ్గాను

హేతువాదులమని చెప్పుకునే మనకి ఒక అలవాటుంది. ఎదుటివాడి మూఢనమ్మకాన్ని ఖండించగానే మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. ఆ అలవాటు నాకూ ఉందని 2017 నవంబరులో తెలిసింది.

అప్పటికి నేను రక్షణ ఖాతాల శాఖ నుంచి రిటైరై ఆర్నెల్లయింది. మా అమ్మాయి మొదటి కాన్పుకి ఢిల్లీ ద్వారకాలోని మా ఫ్లాటుకి వచ్చింది. మామూలు కాన్పే. మగపిల్లవాడు. మూడోరోజు ఇంటికి తీసుకొచ్చాం. ఆ సాయంత్రానికి బిడ్డ మొహం పచ్చబడింది. "పసరికలు, పిల్లలందరికీ వచ్చేవే" అన్నాను. అది నిజమే. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా నూటికి అరవై మందికి మొదటివారంలో ఎంతో కొంత కామెర్లు కనిపిస్తాయి. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి.

మర్నాడు మా పనిమనిషి నజఫ్‌గఢ్ వైపునుంచి ఒక మాల తెచ్చింది. ఉత్తరాదిలో దీన్ని పీలియా మాల అంటారు. చిన్న చిన్న పుల్లముక్కల్ని దారంతో ముడివేసి చేస్తారు. బిడ్డ మెడలో వేస్తే రోజురోజుకీ పొడుగవుతుంది. అది పెరిగేకొద్దీ కామెర్లు దిగుతున్నట్టు లెక్క. మా ఆవిడ వేద్దామంది. నేను వీల్లేదన్నాను.

ఆ సాయంత్రం రెండు గంటలపాటు ఇంట్లో ఉపన్యాసం ఇచ్చాను. పచ్చిపుల్లలు ఎండి సన్నబడతాయి, ముళ్లు వదులవుతాయి, దారం సాగుతుంది, మాల పెరుగుతుంది. "మేకుకి తగిలించినా పెరుగుతుంది. మేకుకి కూడా కామెర్లున్నాయా?" అన్నాను. పైగా వారం పదిరోజుల్లో వాటంతటవే తగ్గే కామెర్లకి ఏ మాల వేసినా ఆ మాలకే పేరొస్తుంది, తగ్గనివాళ్ల ఖర్మ విధిరాత ఖాతాలోకి పోతుంది అని కూడా చెప్పాను. మాలని నిజంగానే వంటింటి మేకుకి తగిలించాను. మా ఆవిడ మాట్లాడలేదు. నెగ్గాననుకున్నాను.

రాత్రి పదిన్నరకి అమ్మాయి పిలిచింది. "నాన్నా, మాల సంగతి వదిలెయ్యి. వీడు మధ్యాహ్నంనుంచి సరిగ్గా పాలు కుడవలేదు. లేపినా లేవట్లేదు."

మా ఆవిడ అప్పుడు చెప్పింది. పొద్దుటినుంచి తడిసినవి రెండే పొత్తిగుడ్డలట. ఆమె లెక్కపెట్టింది. దిష్టి తీస్తుందని నేను వేళాకోళం చేసే మనిషి! బిడ్డ ఏడవకుండా పడుకుంటే నేను "బుద్ధిమంతుడు" అని మెచ్చుకున్నాను.

ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే బిలిరుబిన్ 21 మిల్లీగ్రాములు ఉంది. అమ్మాయిది ఓ గ్రూపు, బిడ్డది బి. తల్లి రక్తంలోని యాంటీబాడీలు బిడ్డ ఎర్రకణాల్ని విరగ్గొడుతున్నాయి. వెంటనే నీలికాంతి కింద పెట్టారు. తగ్గకపోతే రక్తం మార్చాల్సి వస్తుందని సంతకం తీసుకున్నారు. ముప్ఫై ఏడేళ్ల ఉద్యోగంలో కొన్ని వేల కాగితాల మీద సంతకాలు చేశాను. చెయ్యి వణికింది ఆ ఒక్కదానికే.

ఆ రాత్రి డాక్టరమ్మ చెప్పింది ఇదీ. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడులోకి చేరుతుంది. మొదట కనిపించే గుర్తులు మగత, పాలు సరిగ్గా కుడవకపోవడం. తర్వాత కీచుమని ఏడుపు, ఒళ్లు వెనక్కి విల్లులా వంచడం. ఆ దశ దాటితే బతికినా చెవుడు, అవయవాలు స్వాధీనంలో లేకపోవడం మిగిలిపోవచ్చు. అంటే నేను మెచ్చుకున్న ఆ బుద్ధిమంతుడి నిద్రే ప్రమాద సూచన.

నా తప్పెక్కడుంది? "అందరికీ వస్తుంది, తగ్గిపోతుంది" అన్నది చాలామంది గురించిన నిజం. ఈ ఒక్క బిడ్డ గురించి అది ఏమీ చెప్పదు. ఫలానా యూనిట్ బిల్లులు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయని వోచరు చూడకుండా పాస్ చేసే ఆడిటరుని నేనైతే ఊరుకునేవాణ్ణి కాదు. ఇంట్లో మాత్రం అదే పని చేశాను. మాలని నమ్మినవాళ్లూ, మాలని ఖండించిన నేనూ అందరం మాలనే చూశాం, బిడ్డని కాదు.

మా ఆవిడ ఆస్పత్రి వరండాలో అడిగింది: "మరి నీరెండలో పెట్టమనేవారు కదండీ మన పెద్దవాళ్లు?" ఆ మాటలో కొంత నిజముంది. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లేది. ఎండ తగిలినచోట ఒక బిడ్డ ఒంటి పసుపు తగ్గడం ఆమె కళ్లబడింది. దాన్ని అంతటితో వదలకుండా క్రెమర్ అనే డాక్టరు, ఆయన సహచరులు కొలిచి, దీపాలతో పరీక్షించి 1958లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. పనిచేసేది ప్రధానంగా నీలికాంతి. అది బిలిరుబిన్ రూపాన్ని మార్చి, ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోయేట్టు చేస్తుంది. ఢిల్లీ నవంబరు పొగమంచులో కిటికీ దగ్గరకొచ్చే ఎండ ఎంతో, అందులో నీలికాంతి ఎంతో ఎవరు కొలుస్తారు? బిడ్డకి చలి మాత్రం ఖాయం.

పసిపిల్లలకి వచ్చే ప్రమాదం కామెర్లొక్కటే కాదు. ఢిల్లీలోనే మూడు పెద్ద ఆస్పత్రుల్లో 2011 నుంచి 2014 దాకా ఒక అధ్యయనం జరిగింది. అక్కడి ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన పదమూడున్నర వేల మంది శిశువుల్ని గమనిస్తే నూటికి 14 మందికి పైగా రక్తంలో ఇన్ఫెక్షన్ కనిపించింది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల్లోపే. కాబట్టి వేచిచూసే వ్యవధి తక్కువ.

గమనించాల్సిన గుర్తులు మాత్రం కష్టమైనవి కావు. పాలు కుడవడం మానేయడం లేదా బాగా తగ్గిపోవడం. కదిపితే తప్ప కదలకపోవడం. ఫిట్స్. నిమిషానికి 60 లేక అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీయడం (బిడ్డ ఏడవనప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, ఎక్కువొస్తే మళ్లీ లెక్కపెట్టాలి). డొక్కలు లోపలికి పోయేలా ఎగశ్వాస. ఒళ్లు 37.5 డిగ్రీల సెల్సియస్, ఆపైన కాలడం, లేదా 35.5 కంటే చల్లబడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. కామెర్లయితే మొదటి 24 గంటల్లోనే వచ్చినా, అరచేతులకీ అరికాళ్లకీ పాకినా ఆలస్యం పనికిరాదు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే చూపించాలి. ముఖ్యంగా మలం తెల్లగా, సుద్దలా వస్తుంటే పైత్యనాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. దానికి ఆపరేషన్ రెండు నెలల్లోపు చేస్తేనే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు కొద్దిపాటి చదువున్న పల్లెటూరి ఆడవాళ్లకి ఊపిరి లెక్కపెట్టడం, గుర్తులు పట్టడం, ఇంటి దగ్గరే చికిత్స చేయడం నేర్పారు. మిగతా ఊళ్లతో పోలిస్తే అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. 2011 నుంచి దేశమంతా ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకి వెళ్లి బిడ్డని చూసే పద్ధతికి ఆ అనుభవమే దారి చూపింది. బి.కాం. చదివిన నాకు లెక్కపెట్టడం రాక కాదు. లెక్కపెట్టాలని తోచలేదు.

మనవడు మూడోరోజుకి నీలికాంతి కిందనుంచి బయటికొచ్చాడు. రక్తం మార్చే అవసరం రాలేదు. తర్వాత చేసిన వినికిడి పరీక్ష కూడా బాగానే వచ్చింది. ఇప్పుడు బడికెళుతున్నాడు, పిలిస్తే వినడు కానీ అది వేరే జబ్బు.

ఆస్పత్రినుంచి ఇంటికొచ్చాక వంటింట్లోకి వెళితే మేకుకున్న మాల బెత్తెడు పెరిగి ఉంది. నేను చెప్పినట్టే జరిగింది. మా ఆవిడకి చూపించబోయి ఆగిపోయాను. మాల తీసి చెత్తబుట్టలో వేసి, థర్మామీటరు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను.