హిప్పరగా చెరువు దాకా

మా గల్లీ సోలాపూర్ తూర్పు వైపు. పొద్దున 5 గంటలకు బయట కాలు పెడితే సాంచల చప్పుడు వినబడుతూనే ఉంటుంది. రాత్రి పాళీ దిగేవాళ్లు, పొద్దు పాళీ ఎక్కేవాళ్లు ఎదురుపడే వేళ అది. ఆ వేళకు నేను బూట్లు కట్టుకొని తుల్జాపూర్ రోడ్డు పడతాను.

సరదాకు మొదలుపెట్టింది కాదు. రెండేండ్ల కింద డాక్టరు సుగర్ వచ్చిందన్నాడు. 12 గంటలు సాంచ ముందర నిలబడేవానికి ఇంకా కసరత్తు ఎందుకన్నాను. నిలబడుడు వేరు, చెమట పట్టేలా కదులుడు వేరని ఆయన చెప్పాడు. మొదటి రోజు రూపాభవాని గుడి దాకా కూడా ఉరకలేకపోయాను.

మెల్లగా 5 కిలోమీటర్లకు వచ్చి అక్కడే ఆగిపోయాను. కాళ్లు ఆపలేదు, ఇల్లు ఆపింది. మాకు నల్లా నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజే నేను రోడ్డు మీద ఉంటే బిందెలన్నీ మా ఇంటామె మోసేది. ఆ రోజు వెయ్యి బీడీలు పూర్తయ్యేవి కావు. ఒకరోజు అననే అన్నది: "నీ కాళ్లు గట్టిపడుతున్నయి, నా నడుము ఇరుగుతున్నది."

నెల రోజులు బూట్లు మూలకు పడ్డాయి. తర్వాత ఒక రాత్రి అందరం కూర్చొని మాట్లాడుకున్నాం. నల్లా వచ్చే రోజు పరుగు లేదు. వారంలో మూడు రోజులు దగ్గరి పరుగు, సెలవు రోజు దూరం పరుగు. తిరిగొచ్చాక బీడీ ఆకు కత్తిరించేది నేను. లేపే పని అవ్వది. "మిల్లు భోంగా మొయ్యకముందే మీ బాపును లేపేదాన్ని, నువ్వెంత" అన్నది. సైకిల్ మీద మా పిల్లగాడు నీళ్ల సీసా పట్టుకొని వస్తాడు. సుగర్ మందు వేసుకొని ఉరికితే ఒక్కోసారి సుగర్ మరీ పడిపోతుందట. అందుకని డాక్టరు చెప్పినట్టు వాని జేబులో చక్కెర పొట్లం ఉంటుంది.

వారానికి ఒక్క కిలోమీటరే పెంచాను. ప్రతి నాలుగో వారం తగ్గించాను. పిల్లగానితో మాట్లాడుకుంటూ ఉరకగలిగితే వేగం సరిపోయినట్టు. మాట ఆగితే, "బాపూ, మెల్లగ" అంటాడు.

పోయిన చలికాలంలో హిప్పరగా చెరువు అందింది. అదిలా నది మీద కట్ట వేసి 1871లో పూర్తి చేసిన చెరువు. ఎన్నోసార్లు బస్సు కిటికీలోంచి చూసిందే. ఉరికి పోయి కట్ట మీద నిలబడితే మొదటిసారి చూసినట్టుంది. నీళ్ల మీద పొగమంచు, దూరంగా వలస పక్షులు. పిల్లగాడు సైకిల్ స్టాండు వేసి లెక్కబెట్టబోయాడు, లెక్క తప్పి నవ్వాడు.

ఆ సంగతి ఇంట్లో చెబితే మా ఇంటామె అన్నది: "నేనూ కోజాగిరికి తుల్జాపూర్ నడుస్త. పెండ్లయినప్పటి నుంచి అనుకుంటున్న."

సోలాపూర్ నుంచి తుల్జాపూర్ సుమారు 45 కిలోమీటర్లు. కోజాగిరి పున్నమికి ఆ రోడ్డంతా నడిచేవాళ్లే. రోజంతా మఠం వేసుకొని బీడీలు చుట్టే మోకాళ్లు ఆమెవి. మూడు నెలల ముందు నుంచే పొద్దున నాతోపాటు నడిపించాను. దూరం పెంచే లెక్క నా లెక్కనే.

ఆ రాత్రి నీళ్ల సీసా నా భుజానికి వచ్చింది. తామల్వాడి దాటినాక కాలికి పొక్కు లేచి కూర్చుండిపోయింది. గుడ్డ కట్టి, "మాట్లాడుకుంట నడువు, మాట ఆగితే మెల్లగ" అన్నాను. ఘాట్ ఎక్కేసరికి తెల్లారింది. నా ముందరే ఎక్కింది.

నేనింకా 21 కిలోమీటర్లకు చేరలేదు. వచ్చే సెలవు రోజు 16 అనుకున్నాను. ఆ రోజే నల్లా వస్తే 16 పై వారానికి పోతుంది.