జెకిల్: సొంత బ్లాగు కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్

2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ తన బ్లాగు కోసం సొంతంగా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. దాని పేరు జెకిల్. కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్ స్థాపకుల్లో ఒకరైన ఆయనకు వర్డ్‌ప్రెస్ లాంటి బ్లాగు సాఫ్ట్‌వేర్లు మరీ చిక్కుగా అనిపించాయి.

జెకిల్‌కి డేటాబేస్ అక్కర్లేదు. వ్యాసమంటే మామూలు టెక్స్ట్ ఫైలు, అంతే. దాన్ని ‘_posts’ ఫోల్డర్‌లో పెట్టాలి. ఫైలు పేరు 2008-11-17 అన్నట్టు తేదీతో మొదలవ్వాలి, ఆ వెనక శీర్షిక. ఆ పేరు చూసే జెకిల్ తేదీ పట్టుకుంటుంది. మ్యాటర్‌ని మూసలో పోసి, తయారైన హెచ్‌టీఎంఎల్ పేజీలన్నీ ‘_site’ అనే ఇంకో ఫోల్డర్‌లో సర్దుతుంది. దాన్ని సర్వర్‌కి ఎక్కిస్తే సరి. ఎంత హాయి!

రేపు జెకిల్ లేకపోయినా రాతలు ఎక్కడికీ పోవు, ఏ నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటాయి. రాసేవాళ్లకి ఇంతకన్నా పెద్ద భరోసా ఏముంటుంది? గిట్‌హబ్ వారి వెబ్‌సైట్ల సేవ గిట్‌హబ్ పేజెస్ కూడా సైట్లు కట్టడానికి జెకిల్‌నే వాడుకుంది.