పెయింటు కింద జంగు

మన ఇళ్లలో తుప్పును జంగు అంటాం. బకెట్ కాడకు పట్టేదీ, మేడ మీది ఊచలకు పట్టేదీ కంటికి కనిపిస్తుంది. బండికి పట్టే జంగు అలా కాదు. బురద వెనకా, రబ్బరు కిందా, పెయింటు లోపలా చడీచప్పుడు లేకుండా తింటుంది. పైకి చమక్ తగ్గదు. మన బిరాదరీలో చాలా ఇళ్లకు రోజీ ఒక పాత పికప్ మీదో, ఆటో ట్రాలీ మీదో నడుస్తోంది కాబట్టి, మా ఇంటి బండి కథ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది చేపల బండి. అబ్బా ఏళ్ల తరబడి బందరు నుంచి బెజవాడకు దాని మీదే చేపలు తోలారు. ఇప్పుడు ఆయనకు మోకాళ్లు సహకరించక తమ్ముడు తోలుతున్నాడు. ఐసు పెట్టెల నుంచి దారి పొడుగునా నీళ్లు కారుతూనే ఉంటాయి. సముద్రం చేప కాబట్టి ఆ నీళ్లలో ఉప్పు ఉంటుంది. ఉప్పు ఉన్న చోట తడి తొందరగా ఆరదు. ఇనుమూ, గాలీ, ఉప్పునీరూ కలిస్తే జంగుకు దావత్ ఇచ్చినట్టే.

పోయిన చలికాలం నుంచి బండి ఎడమ పక్కకు ఒరిగి నడుస్తోంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే సీటు కింద ధడ్‌మని చప్పుడు. డ్రైవర్ పక్క తలుపు మూయాలంటే కొంచెం పైకెత్తి నెట్టాలి. గేరు మార్చిన ప్రతిసారీ క్యాబిన్ మొత్తం ఒక కుదుపు కుదిపేది. "బుష్‌లు పోయుంటాయిలే ఆపా" అనేవాడు తమ్ముడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక గిరాకీ వచ్చింది. గుడివాడ వైపు కుర్రాడు, ఫైనాన్సులో అప్పు తీసుకుని కూరగాయల వ్యాపారం మొదలుపెడదామనుకుంటున్నాడు. తమ్ముడికి ఆశ పుట్టింది. ఈ బండి అమ్మితే కొత్త బండికి మొదటి కిస్తీ వచ్చేస్తుంది. బ్రోకరు సలహా కూడా ఇచ్చాడు: పన్నెండు వేలు పెట్టి పుట్టీ, పెయింటు కొట్టించండి, కిందికి దూరి ఎవడు చూస్తాడు అని.

అబ్బా ఆ మాట విన్నారు, ఏమీ అనలేదు. కుర్రాడు వచ్చిన రోజు బండి కింద గోనెసంచి పరిచి, చేతికి టార్చీ, స్క్రూడ్రైవరూ ఇచ్చారు. "క్యాబిన్ రబ్బరు పక్కన పొడిచి చూడు బాబూ" అన్నారు. స్క్రూడ్రైవర్ అట్టముక్కలో దిగినట్టు రేకులోకి దిగిపోయింది. కుర్రాడు లేచి, బట్టలు దులుపుకుని, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

తమ్ముడు వారం రోజులు అబ్బాతో మాట్లాడలేదు. నాతో మాత్రం ఒకరాత్రి కడుపులోది కక్కాడు. "నీకేం ఆపా, ఒకటో తారీఖున జీతం పడుతుంది. ఈమాన్‌దారీ నా ఈఎంఐ కట్టదు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు, ఇంటి కిరాయి, డీజిలు అన్నీ ఆ బండి మీద రావాల్సిందే. ఐబ్ దాచి అమ్మిన పైసలో బర్కత్ ఉండదని అమ్మీ అంటే వాడు తల వంచుకుని విన్నాడు గానీ, తల వంచినంత మాత్రాన కిస్తీ కట్టడం కుదరదు కదా. నాకు తోచింది ఒకటే. నా చిట్టీ డబ్బు ఖర్జె హసనాగా ఇస్తాను, వడ్డీ లేదు, వీలైనప్పుడు తీర్చు, బండి మాత్రం సరిగా బాగు చేయించు అన్నాను.

బెజవాడ వాళ్లకు బండి పని అంటే జవహర్ ఆటోనగరే. 1960ల్లో మొదలైన ఆ పేటలో కమాన్ కట్టలకు ఒక గల్లీ, రేడియేటర్లకు ఒక గల్లీ, బాడీ కట్టేవాళ్లకు ఒక గల్లీ. అబ్బాకు పాత పరిచయం ఉన్న ఉస్తాద్ దగ్గర బండి పెట్టాం. ఆయన ముందు పానా పట్టలేదు. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడుగునా కొడుతూ పోయాడు. మంచి ఇనుము ఖణ్‌మంటుంది, తినేసిన చోట బొద్దుగా మోగుతుంది. బొద్దుగా మోగిన ప్రతిచోటా చాక్‌పీసుతో గీత గీశాడు. అల్‌హమ్దులిల్లాహ్, ఛాసిస్ దూలాలు గట్టిగా ఉన్నాయి. పోయింది ఎడమ పక్క రెండు క్యాబిన్ మౌంటింగులు, వాటి చుట్టూ నేల రేకు.

అప్పుడు అర్థమైంది చప్పుడు ఎక్కడిదో. పికప్‌లో క్యాబిన్ వేరు, ఛాసిస్ వేరు. రెంటి మధ్యా రబ్బరు దిమ్మలు, వాటి గుండా బోల్టులు. ఇనుము ఇనుముకు తగలకుండా, రోడ్డు అదురు మనిషికి చేరకుండా కాపాడేవి ఆ రబ్బర్లే. రబ్బరు నలిగి, రేకు తిన్నాక బోల్టు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. క్యాబిన్ ఆ మూల కిందికి దిగింది, తలుపు వంకర అందుకే. బ్రేకు గట్టిగా వేసినా, దేనికైనా గుద్దుకున్నా క్యాబిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచాల్సింది ఆ బోల్టులే. తమ్ముడి చిన్నకొడుకు రోజూ స్కూలుకు కూర్చుని పోయేది సరిగ్గా ఆ రేకు మీదే. అది విన్నాక తమ్ముడు గొంతు పెగల్చలేదు.

ముందు కమాన్ కట్టలు విప్పారు. ఎడమ కట్టలో రెండో పట్టీ విరిగి ఉంది. మెయిన్ పట్టీ కింద దాగి ఉండడం వల్ల ఇన్నాళ్లూ కనిపించలేదు. వెల్డింగు చేస్తే చాలదా అని తమ్ముడు అడిగితే ఉస్తాద్ నవ్వాడు. పట్టీకి ఉన్న స్ప్రింగు గుణమంతా ఉక్కుకు పట్టించిన పదునులోనే ఉంటుంది, వెల్డింగు వేడికి అది పోతుంది, మళ్లీ అక్కడే విరుగుతుంది. పైగా ఒక పక్క కొత్తది, ఒక పక్క అలిసిపోయింది వేస్తే బండి మళ్లీ ఒరుగుతుంది. అందుకని రెండు పక్కలా మార్చారు. షాకిల్ బుష్‌లు, పిన్నులు, సెంటర్ బోల్టులు, యూ బోల్టులు అన్నీ కొత్తవి. యూ బోల్టు వదులైతే పట్టీలు జరిగి, సెంటర్ బోల్టు తెగి, యాక్సిలే పక్కకు పోతుందట. పాత యూ బోల్టు ఒకసారి సాగాక మళ్లీ నమ్మకూడదు.

బుష్‌ల దగ్గర ఉస్తాద్ చేసిన ఒక పని గుర్తుపెట్టుకోండి. జాకీ మీద ఉండగా షాకిల్ నట్లు చేత్తో తిప్పి వదిలేశాడు. బండిని దించి, చక్రాల మీద పూర్తి బరువు పడ్డాకే బిగించాడు. గాల్లో బిగిస్తే, బరువు పడగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. అయిదు నిమిషాల సబర్ మిగిల్చేది బుష్ సెట్టు ఖరీదు.

క్యాబిన్ పనికి నాలుగు రోజులు పట్టింది. ముందు బ్యాటరీ కేబుల్ తీశారు, డీజిలు ట్యాంకు దించారు, స్టీరింగు జాయింటూ వైర్లూ పైపులూ వదులు చేశారు. జంగు పట్టిన బోల్టులకు రెండు రోజులు నూనె పోసి నాననిచ్చారు, అయినా ఒకటి గ్యాసు మంటకు గానీ కదల్లేదు. క్యాబిన్ కింద పొడుగాటి చెక్క పెట్టి, దాని మీద జాకీతో కొద్దిగా ఎత్తారు. చెక్క లేకపోతే జాకీ తల రేకులోకి దూసుకుపోతుంది.

తరువాత కోత. జంగు అంచు దగ్గర ఆపకుండా, మెరిసే ఇనుము వచ్చేదాకా కోసుకుంటూ పోయాడు. అరచేయంత అనుకున్న చిల్లు అన్నం పళ్లెమంత అయింది. తమ్ముడు "బస్, చాలు ఉస్తాద్" అన్నాడు. "కుళ్లిన రేకుకు కొత్త రేకు అతికిస్తే ఏడాదికి రెండూ పోతాయి బేటా" అన్నాడాయన. కొత్త ప్లేటును ముందు నాలుగు చుక్కలు అతికించి, క్యాబిన్ దించి, తలుపు మూసి తెరిచి సందు సమంగా ఉందని చూసుకున్నాకే పూర్తి వెల్డింగు వేశాడు. తరువాత జంగు ఆపే ప్రైమరు, అతుకుల్లో సీలెంటు, కొత్త రబ్బర్లు. మొత్తం నలభై ఒక్క వేలయింది. పైకి చూస్తే బండి మునుపటిలాగే పాతది. పెయింటుకు పైసలు మిగల్లేదు.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి ముందు చాలామంది రంగు వేయిస్తారు. వేయించండి, ముందు మాత్రం కింద సుత్తి పెట్టించండి. చేపలో, ఉప్పో, రొయ్యలో తోలేవాళ్లు దించిన వెంటనే కింద మంచినీళ్లతో కడగాలి, ట్రాలీలో నీళ్లు పోయే చిల్లులు మూసుకుపోకుండా చూడాలి. వాడేసిన ఇంజన్ ఆయిలు కింద కొట్టించే అలవాటు చాలామందికి ఉంది. అది రబ్బరు బుష్‌లకు తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. తడి మీద తారు పూయించడం ఇంకా నష్టం, లోపలి తడి బయటికి పోదు. కొత్త కట్టలు వేశాక వారం పది రోజులు నడిపి, యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలి.

తమ్ముడు ఇప్పుడు నెలకు మూడు వేలు నా చేతిలో పెడుతున్నాడు. అబ్బాతో మాటలు కలిశాయి, కొత్త బండి మీద ఆశ మాత్రం పోలేదు. రేపో మాపో దీన్ని అమ్ముతాడు. అమ్మనివ్వండి, వాడి హక్కు. ఆటోనగర్‌లో ఉన్నన్నాళ్లూ వాడు ఫోన్లో ఫోటోలు తీస్తూనే ఉన్నాడు: విరిగిన పట్టీ, కోసిన చిల్లు, కొత్త ప్లేటు, వెల్డింగు. ఎందుకురా ఇన్ని అంటే, "కొనేవాడు కింద పడుకోవాల్సిన పని ఉండదు ఆపా, ఇవి చూపించి రేటు చెప్తా" అన్నాడు.