విశ్వాసం, విధేయత: ఎవరి మాట వినాలి?

విశ్వాసం, విధేయత. ఈ రెండు మాటలూ చర్చిలో జంటగానే వినిపిస్తాయి. నమ్మినవాళ్లు లోబడతారని, లోబడని నమ్మకం ఉత్త మాటేనని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. వినీ వినీ అరిగిపోయిన ఆ మాటల్ని, ఈ సంవత్సరం క్లాసులో పదాల పుట్టుక గురించి చదివాక, మళ్లీ ఒకసారి విప్పి చూడాలనిపించింది. క్రైస్తవులు కాని స్నేహితులకు కూడా ఇది పరాయి విషయం కాదనుకుంటాను. 'చెప్పిన మాట వినాలమ్మా' అనే వాక్యం మనలో ఎవరికి కొత్త?

మాది ఉద్దనపల్లి. నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. అవ్వ తెలుగు బైబిలు చదువుతుంది, అమ్మ తమిళ బైబిలు చదువుతుంది. విధేయతకు తెలుగులో ఇంకో మాట లోబడడం. లో, పడు అనేవి కలిసి లోబడు అయింది. తమిళంలో దీన్నే కీళ్‌ప్పడిదల్ అంటారు. కీళ్ అంటే కింద. ఒక భాషలో లోపలికి రావడం, ఇంకో భాషలో కిందికి దిగడం. ఇక 'మాట వినడం' అన్నప్పుడు, చెవితో వినడం, చెప్పింది చేయడం, రెండూ ఒకే క్రియలో ఇమిడి ఉన్నాయి. హీబ్రూలో 'షమా' అనే క్రియకు కూడా ఈ రెండర్థాలూ ఉన్నాయి. గ్రీకు కొత్త నిబంధనలో విధేయతకు వాడిన పదంలోనూ వినడమనే ధాతువే ఉంది. తమిళంలో మా అమ్మ 'పేచ్చై కేళు' అంటుంది. ఆ కేళ్ అనే మాటకు విను అనీ అర్థమే, అడుగు అనీ అర్థమే. అంటే మాట వినే మనిషికి ప్రశ్న అడిగే హక్కు ఆ క్రియలోనే ఉంది! ఈ మాట అవ్వతో అంటే, "నీకు అడిగేదే ఎక్కువ పాపా, వినేది యాడుండాది?" అని నవ్వింది.

పదాలు సరే. నమ్మకానికీ లోబడడానికీ ఉన్న సంబంధం నిజంగా తేలేది మనుషుల బతుకుల్లో. తెలుగువాళ్లలో దానికి ఒంగోలు కంటే పెద్ద ఉదాహరణ నాకు కనబడలేదు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. అదే సంవత్సరం యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. తను నమ్మింది తన బంధువులకు చెప్పాడు, వాళ్లు ఇంకొకరికి చెప్పారు. అలా వచ్చి చేరిన వాళ్లకు పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు.

మొదటిసారి చదివినప్పుడు ఇంతేనా అనిపించింది. మళ్లీ చదివితే ఒక్కో నియమం వెనక ఒక్కో ఊరు కనబడింది. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం మాదిగల మీద ఊరు పెట్టిన పని, ఆ మాంసం ఆ పనికి ప్రతిఫలం. అది వాళ్లు ఎంచుకున్న తిండి కాదు. జాతరలో డప్పు కొట్టడం కూడా అలాంటి కట్టుబాటే. ఆదివారం పనికి రామంటే అది భూస్వామికి ఎదురు చెప్పినట్టే. అందుకే ఊళ్లు కోపగించుకున్నాయి. కొన్ని చోట్ల వాళ్లను బావి దగ్గరికి రానివ్వలేదు, అంగట్లో సరుకులు ఇవ్వలేదు, తప్పుడు కేసులు పెట్టారు. అయినా చాలామంది వెనక్కి తగ్గలేదు.

నన్ను ఆలోచనలో పడేసింది ఇక్కడే. మనం విధేయత అనగానే తల వంచుకున్న మనిషిని ఊహించుకుంటాం. ఒంగోలు చుట్టుపక్కల మాదిగలు దేవుడికి లోబడ్డారంటే, తరతరాలుగా వంచిన తలను ఊరి ముందు ఎత్తారన్నమాట. దేవుడికి 'సరే' అన్న ఆ నోటితోనే కరణానికి, రెడ్డికి 'కాదు' అన్నారు. నమ్మకం లేకపోతే ఆ 'కాదు' వచ్చేది కాదు. ఆ 'కాదు' అనకపోతే వాళ్లకు నమ్మకం ఉందని ఎవరికీ తెలిసేదీ కాదు.

లోబడవలసి వచ్చింది వాళ్లొక్కరే కాదు. ఒంగోలులో పై కులాల పిల్లలు మిషన్ బడికి వస్తుండేవారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ, ఆయన భార్య హారియెట్ చాలా మథనపడ్డారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం తక్కువగా చూసే వాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడనే భాగం ఇద్దరూ విడివిడిగా చదివి ఒకే నిర్ణయానికి వచ్చారట. పై కులాల పిల్లలు బడి మానేశారు. మాదిగలు లోపలికి వచ్చారు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. మన పెద్దవాళ్లు ధాత కరువు అనేది దీన్నే. సర్వే పని తెలిసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చిన వాళ్లకు పని ఇచ్చాడు. కానీ ఆ కాలంలో పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం, అన్నం కోసం లోబడితే అది విశ్వాసం అవుతుందా అన్నదే ఆయన అనుమానం. కరువు సాయం ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరేసి చొప్పున వంతులు మారుతూ. అందరూ ఈ సంఖ్యనే చెప్పుకుంటారు. నాకైతే దానికి ముందు ఆగిన ఆ పదిహేను నెలలే ఎక్కువ నచ్చాయి. ఆకలిగా ఉన్న మనిషి ఏం చెప్పినా తలూపుతాడు. ఆ తలూపుడును విధేయతగా లెక్క రాసుకోకపోవడం గొప్ప సంగతి.

వేరే దేశంలో దీనికి ఎదురు కథ ఉంది. హిట్లర్ కాలంలో జర్మనీ చర్చిలు చాలావరకు 'అధికారులకు లోబడాలి' అనే వచనాన్ని పట్టుకుని నోరు మూసుకున్నాయి. డీట్రిచ్ బాన్‌హోఫర్ అనే యువ పాస్టరు ఒప్పుకోలేదు. నమ్మకం ముందు, లోబడడం తర్వాత ఎప్పుడో అని వాటిని విడదీయకూడదని 1937లో వచ్చిన పుస్తకంలో వాదించాడు. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరి తీశారు. ఒకే బైబిలు, ఒకే మాట. లోబడింది ఎవరికి అన్న దగ్గర దారులు వేరయ్యాయి.

ఇక మా ఇంటి సంగతి. అమ్మ రోజా తోటలో పని చేస్తుంది. హోసూరు రోజాలు ఫిబ్రవరి 14కి ఎన్ని దేశాలు పోతాయో మీకు తెలుసు. పువ్వు ఆదివారమని విచ్చుకోకుండా ఆగదు, తెల్లారక ముందే కొయ్యాలి. ఆదివారం రాకపోతే కూలి పోతుంది, సీజనులో పని పోయినా పోతుంది. ఆ కూలిలో నా ఫీజు కూడా ఉంది. 'ఆదివారం పనికి పోతే అది అవిశ్వాసం కాదా?' అని ఒక పెద్దాయన అమ్మను అడిగారు. అమ్మ ఆయనతో వాదించలేదు. ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతి దినం గురించి ఉన్న భాగం చదువుకుంది. అక్కడ విశ్రాంతి యజమానికి మాత్రమే కాదు, దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు కూడా చెప్పారు. అప్పుడు అమ్మ, తనతో పని చేసే ఆడవాళ్లు కలిసి, వంతుల వారీగా అందరికీ వారానికి ఒక రోజు సెలవు కావాలని సూపర్‌వైజరును అడిగారు. వాళ్లలో హిందువులున్నారు, ముస్లిములున్నారు. ఇప్పుడు రెండు వారాలకు ఒక సెలవు వస్తోంది. అది కూడా సీజనులో లేదు. అమ్మకు ప్రతిసారీ ఆదివారమే రాదు. "నా ఒక్కదానికే ఆదివారం అడిగుంటే ఇచ్చుండొచ్చు. అట్ల అడగబుద్ధి కాలే" అంది.

ఇది విధేయతా, కాదా? చర్చిలో రెండు రకాలుగానూ అంటారు. నా దృష్టిలో అమ్మ ఆ ఆజ్ఞను విన్నది, అడిగింది కూడా. కేళ్ అనే క్రియను పూర్తిగా వాడింది.

ఆడపిల్లలకు విధేయత గురించి చెప్పేవాళ్లు చాలామంది. చదువు ఎంతవరకు, బయటికి ఎప్పుడు, పెళ్లి ఎవరితో, అన్నిటికీ ఆ ఒక్క మాటే అడ్డం వేస్తారు, కొన్నిసార్లు దేవుడి పేరు కూడా కలుపుతారు. పెద్దలను గౌరవించాలని నేనూ నమ్ముతాను. కానీ లోబడమని చెప్పే మనిషి తను ఎవరికి లోబడి ఉన్నాడో, దాని వల్ల తనకేం ఖర్చయిందో చూస్తాను. క్లౌ తన బడిలో పిల్లల్ని పోగొట్టుకున్నాడు. పేరయ్య వాళ్లు బావినీ అంగడినీ పోగొట్టుకున్నారు. ఖర్చంతా చెప్పించుకునే వాళ్ల మీదే పడి, చెప్పేవాళ్ల మీద ఒక్క పైసా పడకపోతే, ఆ విధేయత వెనక విశ్వాసం ఉందని నేను అనుకోలేను. ఎవరైనా మిమ్మల్ని మాట వినమంటే శ్రద్ధగా వినండి. విన్నాక, ఇది ఎవరి మాట అని కూడా అడగండి.