నాలుగక్షరాలు

మా ఇంటికి పేపరు వచ్చేది కాదు, పొట్లాలు వచ్చేవి. పుంగనూరు సంతలో మా అమ్మ కందిపప్పు కట్టించుకొస్తే పప్పు కుండలోకి పోయేది, కాయితం నా చేతికి వచ్చేది. నాకప్పుడు నాలుగో తరగతి. నూనె మరకలు పడిన ఒక ముక్కలో నల్లవీ తెల్లవీ గళ్ళు కనిపించినాయి. "ఇదేందిమా, బారాకట్టా?" అన్నాను. అమ్మకు అక్షరం రాదు. "ఏమో నాయనా, ఎవురో ఆడుకోని పారేసుంటారు" అనింది.

నిజంగానే ఎవరో ఆడుకుని పారేసిందే. గళ్ళ నిండా బాల్‌పెన్నుతో అక్షరాలున్నాయి. కింద ప్రశ్నలున్న ముక్క చినిగిపోయింది. జవాబులున్నాయి, ప్రశ్నల్లేవు. 'వనిత' అని ఉంది, 'మయూఖం' అని ఉంది. మా పల్లెలో ఆ మాటలు ఎవరి నోటా నేను వినలేదు. నాకు తెలిసిన తెలుగు కాక ఇంకొక తెలుగు ఉందని, అది కూడా కంది పప్పుతో పాటే అంగడి నుంచి వస్తుందని ఆ పొద్దు తెలిసింది.

మా నాయన పలక కొట్టేవాడు. మా చిత్తూరు సీమలో డప్పును పలక అంటాం. చావుకో జాతరకో పిలుపొస్తే దాన్ని మంట సెగకు కాపి భుజానికి తగిలించుకుని పోయేవాడు. బడికి నేను తీసుకుపోయేదీ పలకే. నాయన పలక చేసిన చప్పుడుకు వచ్చిన గింజలతో నా పలక మీద అక్షరాలు పడినాయి. మా వంశంలో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు.

ఆ డిగ్రీ చదివింది మదనపల్లెలో. 1919లో ఠాగూరు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన ఊరు, జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు. ఇట్లాంటి ఊళ్ళు గళ్ళు కట్టేవాళ్ళకు బాగా పనికొస్తాయి. నేనుండింది సాంఘిక సంక్షేమ హాస్టల్లో. పొద్దున్నే లైబ్రరీకి పోయి పేపరు చదివేవాణ్ణి. చదివేదేముంది, తిన్నగా గళ్ళ పేజీకే పోయేవాణ్ణి. అయితే నాకంటే ముందే అక్కడొక పెద్దాయన ఉండేవాడు. రిటైరైన తెలుగు పండితుడు. 'పత్రికలపై రాయరాదు' అని గోడ మీద రాసుండేది. ఆయన దాని కిందనే కూర్చుని పెన్ను తీసేవాడు.

ఒక మనిషి గళ్ళు నింపుతుంటే చూడాలి. ఆయన మొదట ఆధారాన్ని మెల్లగా చదువుకునేవాడు. జవాబు తగిలిందా, మీసం కదిలేది. తగల్లేదా, తప్పు కూర్చినవాడిది. "దొంగ ఆధారం! వీడికి వ్యాకరణం రాదు, వీడికి గళ్ళెందుకు?" అని బల్ల మీద కొట్టేవాడు. మరుసటి రోజు జవాబు చూసి, "నేను రాసిందే సరి, అచ్చులో తప్పు పడింది" అనేవాడు. ఆ మాట ఆయన నోట నెలకు నాలుగుసార్లైనా విన్నాను. తర్వాత తెలిసింది, గళ్ళు నింపేవాళ్ళందరిదీ ఇదే జబ్బని.

నేను పెన్ను పెట్టేవాణ్ణి కాదు. నోటుబుక్కులో గళ్ళు గీసుకుని ఎక్కించుకునేవాణ్ణి. ఒకరోజు ఆయనకు తట్టని మాటొకటి నా పుస్తకంలో చూసినాడు. "ఏ ఊరు నాయనా? ఎవురి పిల్లోడివి?" అన్నాడు. ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో మనలో ఎవరికీ చెప్పాల్సిన పన్లేదు. హాస్టలు పేరు చెప్పినాను. ఆయన లేచి పోలేదు, తిట్టలేదు. కానీ అప్పటిదాకా చేతికిచ్చే పేపరు, ఆ తర్వాత బల్ల మీద పెట్టేవాడు, నేను తీసుకునేవాణ్ణి. పోతా పోతా ఒక సలహా మాత్రం ఇచ్చినాడు: "అమరం చదువు. పర్యాయపదాలన్నీ అందులోనే ఉండాయి."

చదివినాను. అమరకోశం శూద్రవర్గంలో చండాలుడికి వరసగా పది పేర్లున్నాయి. అందులో ఒకటి శ్వపచుడు, కుక్కను వండుకు తినేవాడని అర్థం. సూర్యుడికి, తామరకు ఎన్ని పేర్లున్నాయో చూద్దామని పోయినవాణ్ణి, నాకున్న పేర్లు లెక్కపెట్టుకుని వచ్చినాను.

ఈ ఆట పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటిది కట్టినాడు. మన దగ్గర శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కట్టినాడు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు కట్టినాడు. ఇంగ్లీషులో గడికొక అక్షరమంటే వాళ్ళకు ఇరవై ఆరే. మనకట్లా కాదు. గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిపి ఒక్క గడిలో కూర్చోవాలి. 'స్త్రీ'కి ఒకటే గడి. 'కుప్పం'కు రెండు. మా 'పుంగనూరు'కు నాలుగు. అందుకే తెలుగు గడి నింపడం కష్టం, నిండితే ఆనందం ఎక్కువ. 'తడబడిన' అంటే అక్షరాలు చెదిరినాయని, 'తిరగబడింది' అంటే వెనకనుంచి చదవాలని, 'తల తెగిన' అంటే మొదటి అక్షరం తీసెయ్యాలని, ఇవన్నీ నేర్చుకోవాల్సిన మర్యాదలు. పొట్టి ఆవుల ఊరేదంటే మా ఊరొస్తుంది. ఆ ఆవుల్ని నేను ఊళ్ళోకంటే పేపర్లోనే ఎక్కువగా చూసినాను. అయినా మా ఊరు గళ్ళల్లోకి ఎక్కిందంటే నాకూ మురిపెమే.

2014 డీఎస్సీలో తెలుగు పండిట్‌గా ఎంపికైనాను. కొన్నేళ్ళ తర్వాత బదిలీ మీద కుప్పం వైపు ఒక హైస్కూలుకు వచ్చినాను. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. పిల్లలు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో ఇంకొకటి మాట్లాడతారు. స్టాఫ్‌రూముకు పేపరొస్తుంది. మధ్యాహ్నం అన్నాలైనాక గళ్ళ పేజీ తెరుచుకుంటుంది. ఒక సీనియరు సారు పైకి చదవడం, మిగతావాళ్ళు జవాబులు విసరడం. అందరికంటే బాగా నింపేది ఇంట్లో తమిళం మాట్లాడే లెక్కల సారు. ఆయనకు మాట అర్థం తెలియకపోయినా అడ్డం నిలువు కలిపి లెక్కతో పట్టేస్తాడు. సోషల్ మేడంకు ఓపిక తక్కువ, సగం నిండగానే "రేపు జవాబొస్తుంది లెండి" అంటుంది. సైన్సు సారు తనకు రాని మాటను "ఇది తెలుగేనా?" అంటాడు. నవ్వులు, పందేలు, టీలు. ఆ అరగంట నాకు ఇష్టం. ఇది దాచుకోవాల్సిన సంగతి కాదు.

ఒకరోజు 'పూలదండ (2)' అని వచ్చింది. ఎవరూ పలకలేదు. ఐదో తరగతి పిల్లవాడికి తెలిసిన జవాబు. సీనియరు సారు కళ్ళజోడు తుడుచుకున్నాడు, మేడం టిఫిను డబ్బా మూత వెతుక్కుంది. చివరికి సైన్సు సారు, "తెలుగు సారునే చెప్పమనండి, ఆయనకు బాగా తెలిసిన మాట" అన్నాడు. ఇద్దరు నవ్వినారు. నేను పెన్ను తీసుకుని 'మాల' అని రెండు గళ్ళల్లో రాసినాను. రాసి, పైకి చదివినాను. 'ఉన్నవ నవల (4)' వచ్చినరోజు మాత్రం అందరూ ఒక్కసారే అరిచినారు, 'మాలపల్లి' అని. 1922లో వచ్చిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిందని కూడా ఒకరు చెప్పినారు. నవలైతే నోరు తిరుగుతుంది. ఎదురుగా మనిషి కూర్చుంటే దండ కూడా గొంతుకు అడ్డం పడుతుంది.

దీన్ని నేను గళ్ళు కట్టినవాడి తప్పనను. అతను పూలదండ గురించే అడిగినాడు. అసలు సంగతి ఇంకొకరోజు వచ్చింది. ఆధారం: 'అంటరానివాడు (4)'.

సీనియరు సారు హుషారుగా చదివినాడు. "మాతంగుడు" అన్నాడు ఒకాయన. గళ్ళు సరిపోయినాయి. "నిషాదుడు కావచ్చు కదా?" అదీ నాలుగే. "శ్వపచుడు" అన్నాడు సీనియరు సారు, తన చదువుకు తానే సంతోషపడి. అదీ నాలుగే. అన్నిటికీ చివర 'డు'నే, కాబట్టి చివరి గడి ఏమీ తేల్చదు. లెక్కల సారు మధ్యలో పడి, "రెండో గడి నుంచి నిలువు చూడండి, నూనె (3) అంటున్నాడు, చమురు. కాబట్టి రెండో అక్షరం చ" అన్నాడు. "ఆఁ, పంచముడు!" అని బల్ల చరిచినారు. చక్కగా కుదిరింది. కష్టమైన ఆధారం విడిపోయినప్పుడు మనుషుల ముఖాల్లో వచ్చే వెలుగు వాళ్ళందరి ముఖాల్లోనూ వచ్చింది. వాళ్ళలో ఎవరికీ నన్ను అవమానించాలని లేదు. నాలుగు పేర్లూ నా పేర్లే అని వాళ్ళకు గుర్తుకే రాలేదు. దండ దగ్గర నేను గుర్తున్నాను, ఇక్కడ గుర్తు లేను. ఏది నయమో మీరే చెప్పండి.

"సార్, ఇంకొకటుంది" అన్నాను. "1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములనే మాట మాకొద్దు, మేం ఆదిఆంధ్రులం అని తీర్మానించుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కాయితాల్లోంచి ఆ మాట తీసేసింది. అప్పుడు మన జిల్లా కూడా మద్రాసులోనే ఉండింది. సర్కారు నూరేళ్ళ కిందట కొట్టేసిన మాటను మీరు గళ్ళల్లో నింపినారు. అంటరానితనాన్ని రాజ్యాంగం పదిహేడో అధికరణం రద్దు చేసింది. ఈ ఆధారం ఇచ్చినాయన దాన్ని చదివినట్టు లేదు."

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. సీనియరు సారు "ఆటను ఆటగా చూడాల సార్, ఇది నిఘంటువులో ఉండే మాటే కదా" అన్నాడు. నిఘంటువులో చాలా ఉంటాయి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి పూనికతో 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో వచ్చింది. సేద్యం చేసే జనం నోట్లోంచి ఏరిన మాటలవి. అదీ నిఘంటువే. గళ్ళు కట్టేవాళ్ళ చెయ్యి మాత్రం అమరం దగ్గరికే పోతుంది.

పేపరు వాళ్ళకు ఉత్తరం రాసినాను. జవాబు రాలేదు. మరుసటి రోజు గళ్ళ జవాబు మాత్రం వచ్చింది, 'పంచముడు' అనే. వేరే చోట ఇట్లాంటిదే జరిగితే ఏమైందో చూడండి. 2019 జనవరి 1న 'న్యూయార్క్ టైమ్స్' గళ్ళల్లో ఒక జవాబు మెక్సికో మూలాలున్న వాళ్ళను తిట్టే మాట అయింది. ఆధారం ఏమో బేస్‌బాల్ ఆట గురించి. మా పూలదండ వంటిదే అనుకోండి. అయినా నింపేవాళ్ళు ఊరుకోలేదు. సంపాదకుడు విల్ షార్ట్జ్ క్షమాపణ చెప్పినాడు. ఇక్కడ ఆధారమే అంటరానివాడని మొదలైతే అడిగిన దిక్కు లేదు. అక్కడి నింపేవాళ్ళలో ఆ తిట్టు తిన్నవాళ్ళు కూడా ఉన్నారు, పత్రికకు అది తెలుసు. మన పేపర్లకు మనం గళ్ళు నింపుతామనే ఊహ ఇంకా పోలేదేమో.

ఆ తర్వాత కొన్నాళ్ళు స్టాఫ్‌రూములో పైకి చదవడం మానేసినారు. ఎవరికి వాళ్ళు నింపుకోవడం, నేను లోపలికి పోతే పేజీ తిప్పడం. దానికంటే పైకి చదివి నాతో పోట్లాడుంటే బాగుండేది. లెక్కల సారు ఒక్కడే పేపరు పట్టుకుని నా కుర్చీ దగ్గరికొచ్చి, "ఇది చూడండి సార్" అనేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీద గళ్ళు గీయడం మొదలుపెట్టినాను. మొదటిరోజు పేపర్లో వచ్చిన ఆధారాలే ఇచ్చినాను. 'గేదె (3)' అన్నాను. పేపరు జవాబు 'మహిషి'. వెనక బెంచీ పిల్లోడు లేచి "ఎనుము సార్" అన్నాడు. మూడక్షరాలు. అడ్డం నిలువు కలవలేదు కాబట్టి నిలువు ఆధారాన్నే మార్చినాను. 'పొలం గట్టు (3)' అంటే క్లాసంతా 'గెనిమ' అనింది. పేపర్లో నేనెప్పుడూ చూడని మాట. రెండో వారం నుంచి ఆధారాలు వాళ్ళనే రాసుకురమ్మన్నాను. అప్పుడు చూడాలి వాళ్ళ రభస! ఒకరి ఆధారాన్ని ఇంకొకరు ఒప్పుకోరు. "సంగటికి ముద్ద అని ఇస్తే ఎట్లరా, అన్నం కూడా ముద్దే కదా?" "నీ ఆధారం దొంగ ఆధారం సార్‌కు చెప్తా." మదనపల్లె లైబ్రరీలో ఆ పెద్దాయన అన్న మాట వీళ్ళకెవరు నేర్పినారో తెలీదు. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలకూ కన్నడం మాట్లాడే పిల్లలకూ ఒక్కో మాట దగ్గర పంచాయితీ. ఎప్పుడూ నోరు తెరవని ఒక ఆడపిల్ల కాయితం మడిచి నా చేతిలో పెట్టి పరుగెత్తింది. విప్పి చూస్తే: 'మా తాత కొడితే ఊరికంతా వినపడుతుంది, నేను రాస్తే నాకు కనపడుతుంది (3)'.

ఆ ఆధారాన్ని నేను స్టాఫ్‌రూములో పైకి చదివినాను. సైన్సు సారు తల గోక్కున్నాడు. సీనియరు సారు రెండుసార్లు చదవమన్నాడు. లెక్కల సారు కూడా పట్టలేకపోయినాడు. గంట కొట్టినా జవాబు చెప్పలేదు నేను. సాయంత్రం బస్సెక్కేటప్పుడు సీనియరు సారు "పలక కదా?" అని అడిగినాడు. "అవును సార్" అన్నాను. "బాగుంది. ఎవరి పాప?" అన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న. "తొమ్మిదో తరగతి పాప సార్" అని బస్సెక్కినాను.

పోయిన వారం ఒక పిల్లోడు తెచ్చిన ఆధారం: 'మేముండే చోటు (4)'. వాడు అనుకున్న జవాబు 'మాలపల్లె'. అదే వీధి పిల్ల లేచి ఒప్పుకోనంటే ఒప్పుకోనంది. "కమాను మీద అంబేడ్కర్ నగర్ అని రాసుండాది గదా సార్. దానికి ఏడు గళ్ళు కావాల." పిల్లోడు వాళ్ళవ్వ, తాత అందరూ మాలపల్లె అనే అంటారన్నాడు. "వాళ్ళనుకుంటే నువ్వు రాస్తావా?" అని ఆ పిల్ల. వెనక బెంచీవాళ్ళు "కాలనీ సార్, మూడు గళ్ళు" అన్నారు. నేను సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల ముందర నిలబడినాను. నాలుగు గీయమనేవాళ్ళూ ఏడు గీయమనేవాళ్ళూ ఇంకా అరుస్తానే ఉన్నారు.