సగం గోడ

“ఇదేంది నాయనా, సగం గోడే వచ్చిందే!” అంది పెద్దమ్మ. తుంబలహళ్లిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని నా ఫోన్లో సుజౌ తోటల ఫొటోలు చూస్తోంది. చెరువు, వంతెన, మండపం నిండుగా పట్టిన ఫొటోలన్నిటినీ వేలితో చకచకా తోసేసి, దీని దగ్గర ఆగింది. తెల్లగోడ, గోడలో కిటికీ, కిటికీ అవతల తడిసిన అరటాకు. అంతే.

ఆమె ఆగినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులు తిరిగితే దొరికిన ఫొటో అది.

షాంఘై నుంచి సుజౌకి రైల్లో అరగంట. అక్కడి పాతతోటలు 1997లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. వాటిలో జువోజెంగ్ యువాన్ పెద్దది, పన్నెండెకరాల పైమాటే. మా ధర్మపురి వైపు ఓ మోస్తరు మామిడితోపంత. వాంగ్ షియన్‌చెన్ అనే అధికారి కొలువు వదిలొచ్చి 1509 ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టాడు.

మొదటిరోజు మిట్టమధ్యాహ్నం రాళ్లగుట్టెక్కి, వైడ్ లెన్సు పెట్టి, కంటికి ఆనిందల్లా ఒక్క ఫ్రేములో పట్టాలని చూశాను. ఎండకి తెల్లగోడలు వెలిసిపోయాయి, చూర్ల కింద కటిక చీకటి. రాత్రి గదిలో చూసుకుంటే ఫొటోలో అన్నీ ఉన్నాయి, కన్ను నిలిచే చోటు లేదు.

వాంగ్ స్నేహితుడు వెన్ జెంగ్‌మింగ్ గొప్ప చిత్రకారుడు. 1533లో ఈ తోటను 31 బొమ్మలుగా వేసి, ఒక్కోదానికీ ఒక్కో కవిత రాశాడు. ఆ తోటని అంత బాగా ఎరిగినవాడికే అన్ని బొమ్మలు కావలసివచ్చాయి! తోట కట్టినతీరే అట్లాంటిది. నాలుగడుగులు వేస్తే గోడ అడ్డం, వసారా వంకర తిరుగుతుంది, రాయి చెరువును దాచేస్తుంది. నడిస్తేనే కనబడాలని కట్టిన చోటు. ఫొటో తీసేవాడు దాచినదాన్ని దాచినట్టే ఉంచాలి. గోడల్లో కిటికీలు, గుండ్రటి ద్వారాలు ఉండనే ఉన్నాయి. ఫ్రేములు కట్టి పెట్టిపోయారు వాళ్లు. మనం ఎక్కడ నిలబడాలన్నదే వెతుక్కోవాలి.

రెండోరోజు సన్నటి తుంపర. నా మటుకు ఆ తోటకి అదే మంచి వెలుతురు. మబ్బు కింద తెల్లగోడ కాగితమైపోతుంది; కొమ్మ, వెదురు, రాయి దాని మీద సిరాతో గీసినట్టుంటాయి. ఒకటే జాగ్రత్త: ఫ్రేము నిండా తెలుపుంటే కెమెరా మోసపోయి గోడను బూడిదరంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే తెలుపు తెలుపుగా వస్తుంది. పోలరైజర్ సంచిలోనే ఉండనిచ్చాను. నీళ్ల మీది నీడల్ని చెరిపేస్తే ఆ చెరువులో ఇంకేం మిగులుతుంది?

నాలుగు గుండ్రటి ద్వారాల మండపం ఒకటుంది అక్కడ. దాని పక్క నుంచి పడమటికి చూస్తే, చెరువు చివర చెట్ల మీదుగా ఒక గోపురం లేస్తుంది. అది తోటలోది కాదు, ఊళ్లోని ఉత్తరపు గుడిది. దూరపు దృశ్యాన్ని అట్లా తోటలోకి తెచ్చుకోవడాన్ని వాళ్లు అరువు తెచ్చుకోవడమంటారు. వైడ్ లెన్సులో ఆ గోపురం అగ్గిపుల్లంత. లెన్సు మార్చి దగ్గరకి లాగితే గానీ నీళ్లకీ గోపురానికీ పొత్తు కుదరదు.

అరటాకు ఫొటో మాత్రం వాన వినే మండపం దగ్గరిది. దాని పేరే అది.

“అక్కడా అరటిచెట్టేనా?” అంది పెద్దమ్మ.

“వాన చప్పుడు వినడానికే నాటుకున్నారంట పెద్దమ్మా.”

ఆమె కాసేపు మాట్లాడలేదు. “మన బాయికాడి చెట్టు కూడా అట్లే మోగుతాది,” అంది మెల్లగా.

మర్నాడు పొద్దున్నే వంటింట్లో నిలబడ్డాను. చిన్న కిటికీ, అవతల బావి గట్టు, అరటిచెట్టు. చుట్టూ ఏళ్ల తరబడి పొగకి మసిబారిన గోడ. ఇక్కడ కాగితం నలుపు, కెమెరా ఇటువైపు మోసపోతుంది. ఒక స్టాప్ తగ్గించాను.

“ఉండు, ఆ ఎండుటాకు కోసేసొస్తా,” అని కొడవలి తీసుకుంది పెద్దమ్మ.

“వద్దు పెద్దమ్మా, ఉండనీ.”