నల్లమల నేల కింద ఏముంది?

గద్వాల కోట చూసి, జరీ అంచు చీర ఒకటి కొనుక్కుని బయల్దేరితే బీచుపల్లి దగ్గర కృష్ణ దాటతాం. ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని పెబ్బేరు మీదుగా వనపర్తి. సంస్థానాధీశుల భవనంలో పాలిటెక్నిక్ పెట్టిన ఊరు. అక్కణ్నుంచి నాగర్‌కర్నూల్, అచ్చంపేట... దారంతా ఎర్రనేలలు, వేరుశనగ చేలు, బండల గుట్టలు. మన్ననూరు చెక్‌పోస్టు దాటామో లేదో చల్లగాలి మొహానికి తగులుతుంది. రాత్రి 9 అయితే ఇక్కడ గేటు పడుతుంది. అడవి జంతువులు రోడ్డు దాటే వేళ మరి!

ఇదే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్లు. ఫరహాబాద్ వ్యూ పాయింట్ నుంచి చూస్తే కొండ మీద కొండ. మధ్యలో చెంచుల పెంటలు. తేనె, తునికాకు, ఇప్పపువ్వు వాళ్ల బతుకు.

ఈ అడవి పేరు 2019లో ఇంటింటా వినిపించింది. కారణం పులి కాదు, యురేనియం. ఆ ఏడాది మే 22న కేంద్ర అటవీ సలహా కమిటీ, 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు సూత్రప్రాయంగా సరేనంది. దాదాపు 4,000 బోర్లు వెయ్యాలన్నది ప్రతిపాదన. ఊళ్లలో బంద్‌లు, హైదరాబాద్‌లో ‘సేవ్ నల్లమల’ నినాదాలు. సెప్టెంబరు 16న శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది.

ఇంత గొడవలో అందరినీ వేధించిన ప్రశ్న ఒకటే: రేడియేషన్ తగిలితే ఒంటికి ఏమవుతుంది? రక్తం పాడైపోతుందా?

మన రక్తకణాలు పుట్టేది ఎముక మజ్జలో. రోజూ కోట్లకొద్దీ కొత్త కణాలు తయారవుతూనే ఉంటాయి. వేగంగా విడిపోయే కణాల మీదే రేడియేషన్ దెబ్బ ఎక్కువ. భారీ మోతాదు తగిలితే ముందుగా పడిపోయేది లింఫోసైట్లనే తెల్లకణాల సంఖ్య. బతికి బట్టకట్టినవాళ్లకు కొన్నాళ్లకు అవి మళ్లీ పెరుగుతాయి. హమ్మయ్య అనుకోవడానికి లేదు. మూలకణాల్లోని క్రోమోజోములు విరిగి తప్పుగా అతుక్కుంటే, ఆ తప్పు వాటికి పుట్టే కణాలకూ వస్తుంది. 1945లో హిరోషిమా, నాగసాకిల్లో బాంబు దెబ్బ తిన్నవారి రక్తంలో ఇలాంటి మార్పులు దశాబ్దాల తర్వాత కూడా కనిపించాయి. రక్త క్యాన్సర్లు రెండేళ్లకే మొదలై, ఆరు నుంచి ఎనిమిదేళ్లకు బాగా పెరిగాయి. చిన్నపిల్లల్లో మరీ ఎక్కువ.

అలాగని నల్లమలను హిరోషిమాతో పోల్చడం సరికాదు. రాయిలో ఉన్న యురేనియం కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది. కేరళలో కరునాగపల్లి తీరం ఇసుకలో సహజంగానే రేడియేషన్ ఎక్కువ. అక్కడ ఏళ్ల తరబడి జరిపిన అధ్యయనంలో క్యాన్సర్లు పెరిగినట్టు తేలలేదు.

చిక్కంతా ఆ రాయిని పైకి తవ్వి, పిండి చేసినప్పుడే. గనిలో రేడాన్ గాలి ఊపిరితిత్తులకు ముప్పు. నీళ్లలో కలిసిన యురేనియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఖనిజంలోంచి యురేనియం తీసేశాక మిగిలే మడ్డిలో, అసలు రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అలాగే ఉండిపోతుంది. అందులోని రేడియం కాల్షియంలాంటిదే. ఒంట్లోకి పోతే ఎముకలో చేరుతుంది, మజ్జ పక్కనే! ఆ మడ్డి చెరువు కింద పొర ఎంత గట్టిదన్నదే అసలు ప్రశ్న. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో గని మొదలయ్యాక, చెరువు పక్క ఊళ్ల రైతులు బోరునీళ్లు పాడయ్యాయని మొత్తుకున్నారు. సంస్థ మాత్రం తమ తప్పు లేదంది. ఆ వాదన నడుస్తుండగానే తోటలు ఎండాయని వాళ్ల ఆవేదన.

అందుకే నా మటుకు నాకు, పెంటల్లో చెంచులు ‘తవ్వొద్దు’ అనడం అమాయకత్వంగా అనిపించదు. రక్తంలో తేడా పదేళ్లకు బయటపడితే, రుజువు చెయ్యడానికి ముందటి రక్తపరీక్ష ఏ పెంటలో దొరుకుతుంది?

శ్రీశైలం వెళ్తూ వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరిగితే మల్లెలతీర్థం. మెట్లు దిగి కింద నిలబడితే వానాకాలంలో నీళ్లు నెత్తిన పడతాయి. ఈ వాగు కృష్ణలో కలుస్తుంది. దిగువన నాగార్జునసాగర్. అక్కణ్నుంచి పైపుల్లో హైదరాబాద్ కొళాయిలకు.